మాటే తోడు: విశాఖలో మూడు రోజులు



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో మనం ప్రయాణాలు చేయనివాళ్ళం కాదు. తిరుపతికి వెళ్తాం, కైవారానికి వెళ్తాం, పెళ్ళిళ్ళకు మదనపల్లె, హిందూపురం, బెంగళూరు వెళ్తాం. అయితే ఎప్పుడు వెళ్ళినా పదిమందితో కలిసి వెళ్తాం. మొక్కు తీర్చుకోవడానికో, శుభకార్యానికో, ఆసుపత్రి పనికో వెళ్తాం. ఏ పనీ పెట్టుకోకుండా, ఎవరినీ వెంటబెట్టుకోకుండా, ఒక ఊరు చూసి రావాలన్న కోరికతో మాత్రమే బయల్దేరినవాళ్ళు మనలో ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఆడవాళ్ళు ఎందరని అడిగితే ఆ లెక్కకు ఒక చేతి వేళ్ళు కూడా అక్కర్లేదు.

నేను బాగేపల్లి తాలూకాలో ఉపాధ్యాయురాలిని. పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. జనవరిలో సంక్రాంతి సెలవుకు ఆదివారం కలిసి వస్తే, ఇంకొన్ని రోజులు సెలవు పెట్టి, ఒక్కదాన్నే విశాఖపట్నం వెళ్ళి, మూడు రోజులు ఉండి వచ్చాను. ఆ మూడు రోజుల్లో చూసినవి, తెలుసుకున్నవి మీతో పంచుకోవాలని ఈ ప్రసంగం. మీలో ఎవరైనా అలా వెళ్ళాలనుకుంటే పనికివచ్చే నాలుగు మాటలు కూడా చెబుతాను.

ముందుగా ఒక్క విషయం. ఒంటరిగా వెళ్ళేవారికి డబ్బు తర్వాత కావలసింది తోడని అందరూ అంటారు. నాకు మాత్రం మాట అనిపించింది. నలుగురితో వెళ్ళినప్పుడు మనం మనలో మనమే మాట్లాడుకుంటాం. ఊరితో మాట్లాడం. ఒక్కరే వెళ్ళినప్పుడు దారి అడగాలి, బస్సు అడగాలి, భోజనం ఎక్కడ బాగుంటుందో అడగాలి. అలా అడిగినప్పుడే ఊరు పరిచయమవుతుంది. మరి విశాఖలో అడగడానికి కావలసిన మాట మన ఇళ్ళలోనే ఉంది కదా! మంగళూరు మన రాష్ట్రంలోనే ఉంది, చెన్నై మనకు దగ్గర. అయినా నేను విశాఖను ఎంచుకోవడానికి కారణం అదే.

సముద్రం మనకు కొత్త. సముద్రమట్టానికి 700 నుంచి 900 మీటర్ల ఎత్తున ఉన్న మెట్టప్రాంతం మనది. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. చెరువులు, బోరుబావులు, వాటిలో నీళ్ళెంత లోతుకు పోయాయన్న చింత, ఇదీ మన బతుకు. కానీ ఒక సంగతి గమనించండి. సముద్రం మనకు కొత్తే గాని, మన నీళ్ళకు కొత్త కాదు. నంది కొండల చుట్టుపక్కల పుట్టే ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని, పాలారు, దక్షిణ పినాకిని ఎన్ని మలుపులు తిరిగినా చివరికి చేరవలసింది బంగాళాఖాతమే. చిత్రావతి, పాపఘ్ని రెండూ పినాకినిలో, అంటే పెన్నలో కలుస్తాయి. పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది. మన ఏళ్ళు వెళ్ళే చోటికి మనమూ ఒకసారి వెళ్ళి చూడటంలో వింతేముంది?

ఇక ప్రయాణం సంగతి. బెంగళూరు నుంచి భువనేశ్వర్ వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ హిందూపురం, గుంతకల్లు, గుంటూరు, విజయవాడల మీదుగా విశాఖ చేరుతుంది. బాగేపల్లి, గౌరిబిదనూరు వైపువాళ్ళకు హిందూపురంలో ఎక్కడం సులువు. చింతామణి వాళ్ళు మదనపల్లె మీదుగా తిరుపతి చేరితే, అక్కడినుంచి కూడా విశాఖకు రైళ్ళున్నాయి. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైనే. ఒక రాత్రీ, దానికి అటూ ఇటూ కొంత పగలూ రైల్లోనే గడుస్తాయి. మరొక మాట. 2023 జూన్ నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం గదా అని పొరుగు రాష్ట్రంలో టికెట్ తీసుకోకుండా కూర్చోకండి. మన శక్తి పథకం మన సరిహద్దు దాకానే.

కాలం విషయానికి వస్తే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు మొదటి రోజుల్లో తుపానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదనే తీరం దాటింది. నగరంలో వేలాది చెట్లు నేలకూలాయి. అక్కడివాళ్ళు ఏ చెట్టు గురించి మాట్లాడినా హుద్‌హుద్‌కు ముందుది, తర్వాతది అని ఇప్పటికీ లెక్క చెబుతారు. మనం కరువు సంవత్సరాలను గుర్తుపెట్టుకున్నట్టే వాళ్ళు తుపాను సంవత్సరాలను గుర్తుపెట్టుకుంటారు.

బస గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేను బయల్దేరడానికి వారం ముందే ఫోను చేసి గదులు విచారించాను. ఒక లాడ్జి గుమాస్తా "ఎంతమంది?" అని అడిగాడు. ఒక్కదాన్నే అన్నాను. "ఒంటరి ఆడవాళ్ళకు గది ఇవ్వమమ్మా, ఫ్యామిలీ అయితేనే" అన్నాడు. చేతిలో గుర్తింపు కార్డు ఉంది, ఇరవై ఏళ్ళ ఉద్యోగం ఉంది, ఇవ్వడానికి డబ్బు ఉంది. అయినా పక్కన ఒక మనిషి లేకపోతే గది లేదట! ఒంటరి మహిళకు గది ఇవ్వకూడదని చట్టమేదీ లేదు. అయినా ఇలాంటి మాట వినవలసి వస్తుంది. కాబట్టి దిగిన తర్వాత వెతుక్కోకుండా ముందే అడిగి, ఒక్కరమే అని స్పష్టంగా చెప్పి, ఖాయం చేసుకుని బయల్దేరండి. రైలు టికెట్ ఉన్నవారికి స్టేషన్లలో విశ్రాంతి గదులు దొరుకుతాయి. అదీ ఒక దారి. ఊరికి పగలే చేరేట్టు చూసుకోండి. రోజూ సాయంత్రం ఇంటికి ఒక్క ఫోను చేసి ఎక్కడున్నదీ చెప్పండి. 112 నంబరు దేశమంతటా పనిచేస్తుందని గుర్తుంచుకోండి. ఇంతకు మించి భయపడవలసింది నాకేమీ కనిపించలేదు.

మొదటి రోజు సముద్రం ఒడ్డుకే కేటాయించండి. రామకృష్ణ మిషన్ ఆశ్రమం పక్కన ఉండటం వల్ల ఆ తీరాన్ని రామకృష్ణా బీచి అంటారు. తెల్లవారక ముందే వెళ్ళాలి. మన దగ్గర నంది కొండ మీద సూర్యోదయం చూడటానికి బెంగళూరు నుంచి జనం వస్తారు. ఇక్కడ సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. తూర్పు తీరం కాబట్టి ఉదయమే ఆ భాగ్యం. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కు పోతాడు. బాగేపల్లికీ విశాఖకూ రేఖాంశంలో సుమారు ఐదున్నర డిగ్రీల తేడా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన అక్కడ ఇరవై నిమిషాల ముందే తెల్లవారాలి. ఋతువును బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుచేత మన ఇంటి అలవాటు ప్రకారం లేస్తే సూర్యోదయం దాటిపోతుంది. కాస్త ముందే లేవండి.

పొద్దెక్కిన కొద్దీ ఎండ బాగా కాస్తుంది. మన ఎండ పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోతుంది. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు జిడ్డుగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి సముద్రం మీదుగా గాలి మొదలవుతుంది. నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్ళు ఆలస్యంగా వేడెక్కుతాయి. నేల మీద వేడెక్కిన గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పాఠంలో పదిసార్లు చెప్పిన విషయమే. ముఖానికి తగిలినప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది.

బీచి రోడ్డు మీదనే కుర్సురా జలాంతర్గామి ఉంది. సోవియట్ రష్యాలో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ళు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. దాన్ని ఒడ్డుకు లాగి, 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం మనిషి పక్కకు తిరిగి నడవవలసినంత ఇరుకు. అందులోనే 70 మందికి పైగా నావికులు రోజుల తరబడి ఉండేవారు. నౌకాదళంలో పనిచేసి విరమించినవారే మనకు చూపించి వివరిస్తారు. గుంపుతో వెళ్తే గైడు మాట చెవిన పడీ పడనట్టు ఉంటుంది. ఒక్కరే అయితే పక్కనే నడిచి నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. నేను నీళ్ళ గురించి అడిగాను. చుట్టూ సముద్రం ఉన్నా మంచినీళ్ళు కొలతగానే వాడేవారట, రోజూ స్నానమన్న మాటే లేదట. ట్యాంకరు వచ్చేదాకా బిందెలు పెట్టుకుని కూర్చునే మన ఊళ్ళ వాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

దాని ఎదురుగా టి.యు. 142 అనే పెద్ద నౌకాదళ విమానాన్ని ప్రదర్శనకు పెట్టారు. ఇది 2017 డిసెంబరులో ప్రారంభమైంది. దగ్గర్లోనే 1971 యుద్ధంలో గెలుపుకు గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. ఆ ఏడాది డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. ఇదే రోడ్డు మీద పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన ఒక బాంబును ఆ మ్యూజియంలో చూడవచ్చు. యుద్ధమంటే మనకు పుస్తకంలో పాఠం, ఆ ఊరివాళ్ళకు అది ఇంటి కప్పు మీదికి వచ్చిన సంగతి. ఇలాంటి ప్రదర్శనశాలలకు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది. వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి.

సాయంత్రం ఇసుకలో కూర్చుంటే మురీ మిక్స్చర్ బండ్లు వస్తాయి. మురీ అంటే మన బొరుగులే. ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పొట్లం కట్టి ఇస్తారు. ఒక బండి దగ్గర ఉన్న పెద్దావిడ నన్ను చూసి, "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చీసినావా? మీ వోళ్ళేరీ?" అంది. ఇంట్లో ఉన్నారమ్మా, ఊరు చూద్దామని వచ్చాను అన్నాను. నా మాట విని, "మీదే ఊరు? మాట ఏటో తేడాగుంది" అంది. కర్ణాటక అంటే ఆశ్చర్యపోయింది. "కర్ణాటకలో తెలుగేటి?" అని నవ్వి, పొట్లం చేతిలో పెట్టి, "బేగి తినమ్మా, మెత్తబడిపోద్ది" అంది.

ఆ "బేగి" వినగానే నాకు ఇంటికి వచ్చినట్టయింది. బేగ అంటే కన్నడంలో త్వరగా అని. ఉత్తరాంధ్రలో బేగి అన్నా అదే అర్థం. అలాగే అక్కడి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు నేను అనకుండా "నాను" అనడం కూడా విన్నాను. కన్నడంలో మనం అనేదీ "నాను" అనే గదా! వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్న ఊళ్ళో మన రెండు భాషలూ ఒకే నోట వినిపించాయి.

అలాగని అన్ని మాటలూ కలవవు. మీరు పొద్దున్నే హోటల్లోకి వెళ్ళి, మన అలవాటు ప్రకారం, "తిండి ఏముంది?" అని అడిగితే, "భోజనం పన్నెండు దాటాకేనండి" అనవచ్చు. తిండి అంటే మనకు పొద్దుటి ఫలహారం, వాళ్ళకు మొత్తం ఆహారం. టిఫిన్ అని అడగండి, వేడివేడి ఉప్మా పెసరట్టు వస్తుంది. మన మాటలో కన్నడం కలిసిందని సిగ్గుపడనక్కర్లేదు. మన కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు పాడారు. రెండు భాషల మనుషులం కావడం లోపమేమీ కాదు.

కానీ లోపం ఇంకొకటి ఉంది. దాన్ని దాచకుండా చెప్పుకోవాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. అందుచేత తెలుగు మాట వస్తుంది, తెలుగు అక్షరం రాదు. నేను పెద్దవాళ్ళ దగ్గర చిన్నప్పుడే అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి నాకు ఇబ్బంది కాలేదు. అయితే విశాఖలో నాకు మనవైపు కుర్రవాడొకడు కలిశాడు. చింతామణి దగ్గరివాడు, పని కోసం వచ్చాడు. చక్కగా తెలుగు మాట్లాడుతున్నాడు. సిటీ బస్సు వస్తే మాత్రం బోర్డు మీద ఊరి పేరు చదవలేక, నంబరు చూసి, పక్కవాణ్ణి అడిగి ఎక్కుతున్నాడు. "తెలుగు మాట్లాడతావు, చదవలేవా?" అని ఎవరైనా అంటే ఏం చెప్పాలో తెలియడం లేదన్నాడు. సొంత భాషలో చదువురానివాడుగా నిలబడటం ఎంత కష్టమో చూడండి.

దీనికి మందు పెద్దది కాదు. కన్నడ లిపి, తెలుగు లిపి ఒక్క తల్లి బిడ్డలు. ఒకప్పుడు రెంటికీ ఒకే లిపి ఉండేది, తర్వాత మెల్లమెల్లగా విడిపోయాయి. గ, జ, ర, ల వంటి అక్షరాలు రెండింట్లో దాదాపు ఒకేలా ఉంటాయి. తలకట్టు మాత్రం కన్నడంలో అడ్డగీతలా, తెలుగులో ఒప్పు గుర్తులా ఉంటుంది. క, త, శ వంటి కొన్ని అక్షరాలనే కొత్తగా నేర్చుకోవాలి. కన్నడం చదవగలిగినవారు రోజూ అరగంట కూర్చుంటే కొద్ది రోజుల్లోనే బస్సు బోర్డులు చదవగలరు. విశాఖకు వెళ్ళదలచినవారు టికెట్ తీసుకున్న రోజే ఈ పని మొదలుపెట్టండి. రైలు దిగేసరికి బోర్డులు మీతో మాట్లాడతాయి.

సరే, రెండవ రోజుకు వద్దాం. ఉదయం సింహాచలం వెళ్ళండి. ఊరి నుంచి సిటీ బస్సులున్నాయి. వరాహ నరసింహస్వామి అక్కడ ఏడాదంతా చందనపు పూతలోనే ఉంటాడు. వైశాఖ మాసంలో అక్షయ తృతీయ నాడు మాత్రమే చందనం తీసి నిజరూప దర్శనం ఇస్తారు. గుడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు 1516 నాటి శాసనం ఉంది. మన రాష్ట్రంలోని హంపి నుంచి బయల్దేరిన రాజు అంత దూరం వచ్చి, తన మాటను ఆ రాతి మీద చెక్కించాడు. ఒక్కరే ఉంటే ఎవరూ తొందరపెట్టరు. స్తంభాల దగ్గర నిలబడి ఒక్కొక్క అక్షరమూ చూడవచ్చు. దిగేటప్పుడు సింహాచలం కొండ అనాసపండు తినకుండా రాకండి.

మధ్యాహ్నం తర్వాత కైలాసగిరి ఎక్కండి. మన చింతామణి దగ్గర అంబాజీదుర్గం పక్కన కొండను తొలిచి చేసిన గుహాలయం ఉన్న కైలాసగిరి మీకు తెలుసు. విశాఖ కైలాసగిరి వేరు. సముద్రాన్ని ఆనుకుని ఉన్న కొండ మీద ఉద్యానవనం, పెద్ద తెల్లని శివపార్వతుల విగ్రహాలు, పైకి వెళ్ళడానికి తీగమార్గం ఉన్నాయి. పైనుంచి చూస్తే తీరం పొడవునా కొండలు, వాటి చివర డాల్ఫిన్ ముక్కులా సముద్రంలోకి పొడుచుకువచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తాయి. ఆ కొండ చాటునే ఓడరేవు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రాకతో ఆ రేవు మొదలైంది. రేవు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుని గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. సముద్రం మీదికి వెళ్ళేవారు ఎవరి దేవుణ్ణి వారు తలుచుకుని వెళ్ళే చోటు అది. అక్కడికి దగ్గరలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన జల ఉష అనే ఓడను 1948లో జవహర్‌లాల్ నెహ్రూ సముద్రంలోకి విడిచారు. స్వతంత్రం వచ్చాక మన దేశంలో నీళ్ళలోకి దిగిన మొదటి పెద్ద ఓడ అది.

మూడవ రోజు సముద్రం పక్కనే ఉత్తరంగా భీమిలి రోడ్డు పట్టండి. దారిలో తొట్లకొండ వస్తుంది. రెండు వేల ఏళ్ళ నాడు బౌద్ధ భిక్షువులు ఉన్న కొండ అది. 1970లలో నౌకాదళం వారు తమ కేంద్రానికి స్థలం వెతుకుతుండగా వెలుగులోకి వచ్చింది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిపారు. స్తూపాలు, భిక్షువుల గదులు, శాతవాహనుల నాణేలతో పాటు రోము నాణేలు కూడా దొరికాయి. ఆ కొండకు ఆ పేరెందుకు వచ్చిందో తెలుసా? బండరాతిని తొలిచి చేసిన నీళ్ళ తొట్లు ఉన్నాయి గనుక తొట్లకొండ. తొట్టి అన్న మాట మనకు తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. ఎదురుగా అంతులేని సముద్రం, అందులో తాగడానికి ఒక్క చుక్క పనికిరాదు. అందుకని ఆ భిక్షువులు కొండ మీద పడిన వాననీటిని రాతిలో దాచుకున్నారు. చెరువుల పూడిక తీయించుకోవడానికి ఏళ్ళ తరబడి ఎదురుచూసే మన తాలూకాల నుంచి వెళ్ళినవారికి ఆ తొట్ల ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది.

ఇంకా ముందుకు వెళ్తే భీమునిపట్నం. డచ్చివారు వర్తకం చేసిన రేవు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత పట్నం. ఇక్కడే గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహలను తొలిచిన నది ఇదే. ఇది నేను ప్రత్యేకంగా చెప్పదలచిన చోటు. నదులు పుట్టే చోటు మనకు తెలుసు. రాళ్ళ సందున సన్నని ధార, వానాకాలం దాటితే అదీ ఉండదు. నది చివర ఎలా ఉంటుందో మనం చూసి ఉండం. భీమిలిలో గోస్తనీ వెడల్పుగా, తొందర లేకుండా వచ్చి, ఇసుక తిన్నెను చుట్టుకుని, అలల్లో కలిసిపోతుంది. ఏది నది, ఏది సముద్రం అని గీత గీయలేం. పిల్లలకు సంగమం అన్న పాఠం చెప్పేటప్పుడు ఇకమీద నేను పటం మీద వేలు పెట్టి ఊరుకోను.

ఇక చాలా ముఖ్యమైన హెచ్చరిక. మన ఊళ్ళలో బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినవాళ్ళు సముద్రాన్ని చూడగానే దిగాలనుకుంటారు. బావి నీళ్ళు నిలకడ నీళ్ళు. సముద్రం అలా కాదు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి పోవడానికి ఇరుకైన దారి చేసుకుంటాయి. పైకి అక్కడ అలలు తక్కువగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. అందులో అడుగుపెట్టినవాణ్ణి ఆ ప్రవాహం లోపలికి లాక్కుపోతుంది. ఎంత ఈతగాడైనా దానికి ఎదురీదితే అలిసిపోతాడు. చిక్కుకుంటే ఒడ్డు వైపు కాకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. చేతకాకపోతే తేలుతూ చేయి ఊపి పిలవాలి. ఇదంతా తెలిసి ఉండటం మంచిదే, అసలు దిగకపోవడం ఇంకా మంచిది. ఒంటరిగా వెళ్ళినవారు పాదాలు తడుపుకుంటే చాలు. కాపలావాళ్ళు లేని చోట, ఎర్రజెండా ఉన్న చోట అదీ వద్దు. మన పక్కన పిలిస్తే పలికేవారు లేరన్న సంగతి ఆ ఒక్కచోట మాత్రం మరువరాదు.

మూడు రోజుల్లో విశాఖ అంతా చూశానని ఎవరూ అనలేరు. అరకు లోయ, బొర్రా గుహలు చూడాలంటే ఇంకొక రోజు కావాలి. అన్నీ చూసి తీరాలన్న పట్టుదల వద్దు. రోజుకు రెండు చోట్లు చాలు. మధ్యాహ్నం ఎండలో గదిలో పడుకోండి. సాయంత్రం ఒక చోట కూర్చోండి. ఇంట్లో మనకు కూర్చోవడానికి తీరిక ఉండదు. అక్కడ ఎవరికీ వడ్డించనక్కర్లేదు, ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. మొదటి రోజు ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, చేతులకు పని లేనట్టు ఉంటుంది. రెండో రోజుకు అలవాటవుతుంది. మూడో రోజుకు, ఇన్నేళ్ళూ మనకు మనం ఒక్క గంట కూడా ఎందుకు ఇచ్చుకోలేదా అనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక నన్ను చాలామంది అడిగిన ప్రశ్న, "ఒక్కదానివే వెళ్ళావా, ఎందుకు?" అని. ఇదే ప్రశ్న విశాఖలోనూ అడిగారు. తేడా ఏమిటంటే, అక్కడ అడిగినవారు జవాబు విని దారి చూపించారు, ఏ బస్సు ఎక్కాలో చెప్పారు, ఒకామె తన పక్కన చోటిచ్చింది. మనవాళ్ళు చాలామంది జవాబు వినకుండానే తల అడ్డంగా ఊపారు.

అందుచేత శ్రోతలకు నా మనవి రెండు విషయాలు. మీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలుంటే, ఈ వేసవి సెలవుల్లో వాళ్ళకు తెలుగు అక్షరాలు నేర్పండి. కన్నడం వాళ్ళ చదువు, దానికేమీ లోటు రాదు. ఇంకొక లిపి చేతికి వస్తే ఇంకొక రాష్ట్రం వాళ్ళకు పరాయిది కాకుండా పోతుంది. ఇక రెండవది. మీ ఇంట్లో అమ్మ కానీ, అక్క కానీ, పెళ్ళాం కానీ, కూతురు కానీ, నాలుగు రోజులు ఒక్కదాన్నే వెళ్ళి సముద్రం చూసి వస్తానంటే, ఎందుకని అడగకండి. ఎప్పుడు వెళ్తున్నావు, రైలు ఎన్ని గంటలకు అని అడగండి. స్టేషను దాకా వెళ్ళి సాగనంపండి.